ఖాళీగా కూర్చోబెట్టడానికి కాంట్రాక్టు

విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదికోసారి ప్లాంటు మొత్తం ఆపేసి రియాక్టర్లు, కాలమ్‌లనే నిలువు టవర్లు, ట్యాంకులు తెరిచి కడుగుతాం, రిపేర్లు చేసుకుంటాం. దీన్నే షట్‌డౌన్ అంటాం. అప్పుడు మనుషులు ఆ వెసెల్స్ లోపలికి దిగాలి. దిగినవాడికి లోపల ఏదైనా అయితే బయటికి తీయడానికి ఒక రెస్క్యూ టీమ్ మ్యాన్‌హోల్ పక్కనే ఉండాలి. ఈసారి ఆ టీమ్‌ను బయటి కాంట్రాక్టర్ దగ్గర తీసుకుందామని మేనేజ్‌మెంట్ అనుకుంది. ధర సంగతి పర్చేజ్ వాళ్లది. షరతులు రాసే పని నాది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయాక, మా ఆఫీసులో 'ఎమర్జెన్సీ' అన్న మాటకు విలువ పెరిగింది. అంతకుముందు ఏం అడిగినా 'వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దాం' అనేవాళ్లు. ఇప్పుడు కనీసం ఫైలు కదులుతోంది.

మాకు సొంత ఎమర్జెన్సీ టీమ్ లేక కాదు. ఉంది. కానీ అందులో ఉన్నవాళ్లంతా ఆపరేటర్లు, ఫిట్టర్లు. షట్‌డౌన్‌లో ఊపిరాడని పని ఉండేదీ వాళ్లకే. ఫైర్ ఇంజన్ గేటు దాకా రావడానికి ఎంత లేదన్నా పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆక్సిజన్ అందకపోతే మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే మనిషి వెసెల్‌లో ఉన్నంతసేపూ టీమ్ అక్కడే ఉండాలి. అప్పటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ కూడా, లోపల గ్యాస్ లేదన్న సర్టిఫికెట్ గానీ, శ్వాస పరికరం, బయట ఒకరు పట్టుకున్న తాడుకు కట్టిన బెల్టు గానీ లేకుండా ఎవరినీ దించకూడదని చెప్పేది.

శిక్షణ లేనివాడు దిగితే ఏమవుతుందో మన పేపర్లలో చదువుతూనే ఉంటాం. సెప్టిక్ ట్యాంకులో ఒకడు పడిపోతే వాడి కోసం తమ్ముడు, తమ్ముడి కోసం పక్కింటివాడు. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 1986లోనే చెప్పింది, ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని. నేను అగ్రిమెంట్ రాస్తున్నంతసేపూ ఈ అంకె కాగితం పైన పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

పర్చేజ్ నుంచి వచ్చిన డ్రాఫ్టు చూడగానే దాని పుట్టుక అర్థమైంది. హౌస్‌కీపింగ్ మనుషుల సప్లయ్ కోసం వాడే ఫార్మాట్‌లో 'హెల్పర్' అన్నచోట 'రెస్క్యూ పర్సన్' అని మార్చారు. షిఫ్టుకు ఆరుగురు. పని జరిగిన గంటలకే చెల్లింపు. కంపెనీ అధికారి ఇచ్చే అన్ని ఆదేశాలనూ కాంట్రాక్టర్ మనుషులు పాటించాలి. పిలిచిన మూడు నిమిషాల్లో రాకపోతే నిమిషానికి వెయ్యి రూపాయల జరిమానా. ఏ ప్రమాదం జరిగినా కంపెనీకి సంబంధం లేదు, అన్ని నష్టాలూ కాంట్రాక్టరే భరించాలి.

గడ్డి కోసే కాంట్రాక్టుకైతే బాగానే ఉంటుంది.

ముందు డబ్బుల దగ్గరే గొడవ మొదలైంది. పర్చేజ్ మేనేజర్ మంచివాడే, కానీ ఆయన ఉద్యోగం ఆయనది. "పెళ్లికి వంటవాళ్లను మాట్లాడుకున్నామనుకోండి, వంటే చేయకుండా కూర్చుంటే డబ్బులిస్తారా?" అన్నాడు. నేను చెప్పాను, ఈ వంటవాళ్లు పొయ్యి వెలిగించకుండా ఇంటికి వెళ్తేనే మనకు మంచిదని. నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. చివరికి నేను లెక్క వేరేలా పెట్టాను. పిలిచిన గంటలకే డబ్బులిస్తే కాంట్రాక్టర్ ఏం చేస్తాడు? మిగతా గంటల్లో ఆ కుర్రాళ్లను ఇంకో సైట్‌లో పనికి పెట్టుకుంటాడు. మనం పిలిచినప్పుడు గాజువాకలో ఉంటారు. కాబట్టి షిఫ్టుకింత అని ఖాయంగా ఇవ్వాలి, పిలిచినా పిలవకపోయినా. ప్లాంట్ హెడ్ ఈ మాటకు తల ఊపాక పర్చేజ్ ఆయన పెన్ను తీశాడు.

దానికి జతగా ఇంకో వాక్యం రాయించాను: స్టాండ్‌బైలో ఉన్నవాళ్లకు రెస్క్యూ తప్ప వేరే ఏ పనీ చెప్పకూడదు. చిన్న మాటలా కనిపిస్తుంది. షట్‌డౌన్ చూసినవాళ్లకు తెలుసు దీని అవసరం. ఆరుగురు కుర్రాళ్లు నీడలో కూర్చుని కనిపిస్తే ఏ సూపర్‌వైజర్ చేతులూ ఊరుకోవు. 'బాబూ, ఆ గాస్కెట్లు కాస్త పైకి చేర్చండి' అంటాడు. పని చెప్పించుకునే కుర్రాడు కాంట్రాక్ట్ వాడు, కాదనలేడు. పావుగంట తర్వాత చూస్తే మ్యాన్‌హోల్ దగ్గర ఎవరూ ఉండరు.

కాంట్రాక్టర్ తరఫున మాట్లాడటానికి వచ్చిన టీమ్ లీడర్ నేవీలో ఫైర్ డ్యూటీలు చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు. టీమ్‌లో కుర్రాళ్లంతా ఆయన్ని గురువుగారూ అంటారు, నాకూ అదే అలవాటైంది. డ్రాఫ్టు చదివి ఆయన మొదట జీతం గురించి అడగలేదు. "సార్, ఇందులో షిఫ్టుకు ఆరుగురం అన్నారు. ఒకేసారి ఎన్ని వెసెల్స్‌లో మనుషులుంటారో రాయలేదు" అన్నాడు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టాడు. లోపలికి ఇద్దరు దిగితే వాళ్ల కోసం బయట మాస్కులు తగిలించుకుని ఇంకో ఇద్దరు ఉండాలి. తాడు, దాన్ని చుట్టి బరువును పైకి లాగే వించ్ దగ్గర ఒకడు. గాలి సిలిండర్ల దగ్గర ఒకడు. "ఆరుగురూ అయిపోయారు. ఇంక టీ ఎవరు తెస్తారు సార్?"

అక్కడి నుంచి మా షెడ్యూల్ మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ప్రొడక్షన్ వాళ్లు ఒకేసారి నాలుగు చోట్ల ఎంట్రీ వేసుకున్నారు. ఒక టీమ్ ఒకే సమయంలో ఒకే చోటును కాపు కాస్తుంది, పక్కపక్కనే ఒకే ఫ్లోర్‌లో ఉంటే రెండు. అంతకుమించి లోపలికి దిగడానికి పర్మిట్ ఇవ్వకూడదు. దీన్ని అగ్రిమెంట్‌లో పెట్టడం వల్ల ఒక లాభం ఉంది. రాత్రి పదింటికి ఎవరైనా నా మీద ఒత్తిడి తెస్తే, 'నేనొద్దనడం కాదు, కాంట్రాక్టులో లేదు' అనొచ్చు. ఆఫీసుల్లో సేఫ్టీ మాట కంటే కాంట్రాక్టు మాటకు గౌరవం ఎక్కువ.

సంతకాల కంటే ముందు డెమో పెట్టాలని నేనే పట్టుబట్టాను. ఖాళీగా ఉన్న ఒక పాత రియాక్టర్ దొరికింది. పాత బాయిలర్ సూట్‌లో ఇసుక బస్తాలు కుక్కి మనిషి బరువు బొమ్మ తయారుచేశాం. దాన్ని అడుగున పడుకోబెట్టి, టీమ్‌ను పిలిచాం. పర్చేజ్ ఆయన కూడా వచ్చాడు, చేతిలో స్టాప్‌వాచ్‌తో.

ఆ రియాక్టర్ మ్యాన్‌హోల్ 450 మిల్లీమీటర్లు. అంటే దాదాపు పద్దెనిమిది అంగుళాలు. మొదటి కుర్రాడు వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్క్ ఉండే ఎస్సీబీఏ సెట్ వేసుకుని కాళ్లు ముందు దించాడు. నడుము దాకా వెళ్లాడు. అక్కడ సిలిండర్ అంచుకు తగులుకుంది. చేతులు పైకెత్తి పక్కకు తిరిగాడు, భుజం పట్టేసింది. పైకి రాలేడు, కిందికి పోలేడు. గురువుగారు ఇద్దరి సాయంతో మెల్లగా పైకి లాగించాడు. కుర్రాడి ముఖం మాస్కులో ఎర్రగా కందిపోయింది. వీపు మీది సెట్ విప్పి చేతిలో పట్టుకుని దిగొచ్చు కదా అని మా ఇంజనీర్ ఒకాయన సలహా ఇచ్చాడు. "విషవాయువులో మాస్క్‌కు గాలిచ్చే సిలిండర్‌ను చేత్తో పట్టుకుని దిగమంటారా సార్? అది జారితే మాస్క్ దాంతోపాటే పోద్ది" అన్నాడు గురువుగారు. ఎవరూ మాట్లాడలేదు.

డ్రాఫ్టులో పరికరాల జాబితాలో 'ఎస్సీబీఏ సెట్లు, 6' అని దర్జాగా ఉంది. మా వెసెల్స్‌లో సగానికి పైగా వాటితో దిగడమే కుదరదు. ఆ రోజే జాబితా మార్చాం. బయట ట్రాలీ మీద పెద్ద సిలిండర్లు, అక్కడి నుంచి పొడవాటి ట్యూబు ద్వారా మాస్క్‌కు గాలి వచ్చే ఎయిర్‌లైన్ సెట్లు, నడుముకు చిన్న ఎస్కేప్ బాటిల్. వీటితోపాటు ట్రైపాడ్, వించ్. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల పనిచేసే ప్రతి మనిషికీ మొదటి నుంచే హార్నెస్, తాడు కట్టి ఉండాలని రాశాం. పడిపోతే పైనుంచే వించ్ తిప్పి తీయొచ్చు, ఇంకొకడు దిగాల్సిన పని లేదు. కాలమ్‌లో ట్రేల మధ్య తాడు చిక్కుకునే చోట మాత్రమే దీనికి మినహాయింపు. అక్కడ ఎలా తీయాలో ముందే ఒక ప్లాన్ రాసి పర్మిట్‌కు జతచేయాలి.

గాలి లెక్క కూడా రాయించాం. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ప్రెషర్‌తో గాలి నింపితే 45 నిమిషాలని కేటలాగ్ చెప్తుంది. నింపాదిగా ఊపిరి తీసుకునేవాడికి అది సరే. బరువు లాగుతూ రొప్పుతున్నవాడికి అరగంట కూడా రాదు. ప్రెషర్ 55 బార్ దగ్గరికి పడిపోతే ఈల మోగుతుంది. ఈల మోగాక బయలుదేరడం కాదు, మోగేలోపు బయటికి రావాలి. స్పేర్ సిలిండర్లు ఎన్ని ఉండాలో ఈ రెండో లెక్క ప్రకారమే వేశాం. కాంట్రాక్టర్ అద్దె పెంచాడు, ఇచ్చాం.

ఇక జరిమానా. మూడు నిమిషాలు, నిమిషానికి వెయ్యి. డెమోలో స్టాప్‌వాచ్ చూసిన పర్చేజ్ ఆయనే దీన్ని వదులుకోవడానికి కాస్త మెత్తబడ్డాడు. ఎందుకంటే గడియారం నడుస్తుంటే ఆ కుర్రాళ్లు మొదట ఎగ్గొట్టేది గ్యాస్ టెస్ట్‌ను. మాస్క్ లీకు చూసుకోవడాన్ని. మనం డబ్బు పెట్టి తొందరపాటును కొనుక్కున్నట్టు అవుతుంది. మా లాయరు ఇంకో మాట చెప్పాడు. జరిమానా ఎంతని రాసుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసుకున్న అంకె దానికి పైపరిమితి మాత్రమే అని. చివరికి ఇలా కుదిరింది: షిఫ్టు మొదట్లో పరికరాలు సిద్ధంగా లేకపోయినా, గ్యాస్ డిటెక్టర్‌కు కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచూసే పరీక్ష) గడువు దాటినా, టీమ్ తన చోట లేకపోయినా కోత ఉంటుంది. నిజంగా ప్రమాదం జరిగినప్పుడు తీసుకున్న సమయానికి కోత లేదు.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టిన షరతు వేరు. లోపలికి దిగాలా వద్దా అన్నదాంట్లో టీమ్ లీడర్ మాటే చివరిది. ప్లాంట్ హెడ్ చెప్పినా, నేను చెప్పినా, ఆయన వద్దంటే వద్దు. 'కంపెనీ అధికారి ఇచ్చే అన్ని ఆదేశాలనూ పాటించాలి' అన్న వాక్యం ఉన్నంతకాలం ఇది సాధ్యం కాదు కాబట్టి దాన్ని కొట్టేయించాలి. ఇక్కడ ప్రొడక్షన్ హెడ్ గట్టిగా అడ్డుపడ్డాడు. పని ఆపి ఆపి షట్‌డౌన్ సాగదీస్తారు, బిల్లు పెంచుకుంటారని ఆయన భయం. తీసిపారేయాల్సిన భయం కాదు. దానికి మందు రేటులోనే ఉంది. ఆపినా నడిచినా షిఫ్టు రేటు ఒకటే, షట్‌డౌన్ సాగితే అదనపు షిఫ్టులకు తక్కువ రేటు. ఆపడం వల్ల ఒక్క రూపాయి లాభం లేకుండా చేశాం. ఆపినప్పుడు కారణం, గ్యాస్ రీడింగ్, టైము లాగ్‌బుక్‌లో రాసి రెండు వైపులవాళ్లూ సంతకం పెట్టాలి. మూడు మీటింగులలో తేలని విషయం ఈ లెక్కతో తేలింది.

ఇన్సూరెన్స్ దగ్గర నాకు తెలియని లోకం ఒకటి కనిపించింది. 'కంపెనీకి సంబంధం లేదు' అని ఎంత లావు అక్షరాలతో రాసుకున్నా ఉపయోగం లేదన్నాడు లాయరు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 12వ సెక్షన్ కింద కాంట్రాక్టర్ మనిషికి ఏమైనా అయితే అసలు యజమాని దగ్గర పరిహారం వసూలు చేసే వీలుండేది. మనం తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. టీమ్‌లో కొందరికి జీతం అప్పటి నెలకు 21 వేల ఈఎస్ఐ పరిమితి లోపు ఉంది, గురువుగారికీ ఇంకొకరికీ అంతకంటే ఎక్కువ. అంటే ఒకే తాడు పట్టుకున్న ఇద్దరికి రెండు వేర్వేరు చట్టాలు. ఈఎస్ఐలో లేనివాళ్లకు కాంపెన్సేషన్ పాలసీ, అందరికీ కలిపి గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ అడిగాం.

ఆ పాలసీ కాగితం చదివితే ఒకచోట ఆగిపోయాను. కావాలని ప్రమాదంలోకి వెళ్తే పాలసీ వర్తించదని ఉంది. రెస్క్యూ చేసేవాడి ఉద్యోగమే అది కదా! చాలా పాలసీల్లో 'మనిషి ప్రాణం కాపాడే ప్రయత్నంలో తప్ప' అన్న మినహాయింపు ఉంటుంది. ఆ పాలసీ కాపీలో ఆ ముక్క కనిపించలేదు. బ్రోకర్‌ను అడిగితే 'అది ఉన్నట్టే సార్' అన్నాడు. ఉన్నట్టే అంటే కుదరదని, ఆ మినహాయింపును పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్ రాయించి తెచ్చాకే గేట్ పాస్‌లు ఇచ్చాం. పక్క ఫ్యాక్టరీలో ఏదైనా జరిగితే పరస్పర సాయం కింద ఈ టీమ్‌ను పంపాల్సి రావొచ్చు. అప్పుడు కూడా పాలసీ వర్తించేలా, ఆ సమయంలో మా దగ్గర ఎంట్రీలన్నీ ఆపేసేలా ఇంకో పేరా.

ఇంతలో ఎవరూ ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. మా షట్‌డౌన్ డిసెంబరులో. మాస్క్ వేసుకునేవాళ్లు నున్నగా గడ్డం గీసుకుని ఉండాలని షరతు రాశాం, వెంట్రుక అడ్డొస్తే మాస్క్ అంచు ముఖానికి అతుక్కోదు, గాలి లీకవుతుంది. లిస్టులో ఉన్న కుర్రాళ్లలో ఇద్దరు అయ్యప్ప మాలలో ఉన్నారు. గడ్డం తీయరు, చెప్పులు వేయరు. కాంట్రాక్టర్ నసుగుతూ, 'స్వాములు మానేస్తే డబ్బు పోతుందని బాధపడుతున్నారు' అన్నాడు. వాళ్లను తీసేయడం ఎవరికీ ఇష్టం లేదు. అలాగని షరతు సడలించడం కుదరదు, షూ లేకుండా ప్లాంటులోకి రానివ్వడం అంతకంటే కుదరదు. గురువుగారే దారి చూపించాడు. ఒక స్వామి డ్యూటీ వరకు షూ వేసుకోవడానికి తన గురుస్వామిని అడిగి ఒప్పుకున్నాడు. అతన్ని వించ్ దగ్గర పెట్టాం, అక్కడ మాస్క్ అక్కర్లేదు. రెండో స్వామి ఒప్పుకోలేదు. అతనికి కంట్రోల్ రూమ్‌లో ఫోన్, లాగ్‌బుక్ డ్యూటీ ఇచ్చి, అతని బదులు మాస్క్‌కు ఇంకో మనిషిని తెచ్చుకున్నాం. అగ్రిమెంట్‌లో 'మాస్క్ వేసుకునే విధులు', 'మాస్క్ అవసరం లేని విధులు' అని రెండు జాబితాలు పుట్టింది అందువల్లే.

మెడికల్ ఫిట్‌నెస్, పన్నెండు గంటల షిఫ్టు వద్దని పెట్టిన పట్టు, చెల్లింపు గడువు, ఆర్బిట్రేషన్ అన్నీ మామూలుగానే జరిగాయి. ఒక్కటి మాత్రం చెప్పాలి. టీమ్‌లో చిన్న కుర్రాడొకడు నన్ను పక్కకు పిలిచి, "సార్, మమ్మల్ని పిలవకపోయినా మాకు జీతం ఇస్తారంటనా?" అని అడిగాడు. కంపెనీ కాంట్రాక్టర్‌కు ఇస్తుంది, కాంట్రాక్టర్ కుర్రాళ్లకు ఇస్తాడని గ్యారంటీ ఏముంది? జీతం బ్యాంకులో వేసిన రుజువు చూపించాకే బిల్లు పాసవుతుందని చివర్లో చేర్చాను. కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొడితే అప్పటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద ఎలాగూ మేమే కట్టాల్సి వచ్చేది. ముందే చూసుకోవడం నయం.

షట్‌డౌన్‌లో ఆ షరతులన్నిటిలో నిజంగా పరీక్షకు నిలబడింది ఒకటే. ఒక కాలమ్ తెరిచి కడిగారు, ఉదయం గ్యాస్ టెస్ట్ బాగుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మళ్లీ దిగాలి. గురువుగారు గ్యాస్ డిటెక్టర్ ప్రోబ్‌ను పైన, మధ్యలో, అడుగున దించి చూశాడు. పైన 20.9 శాతం ఆక్సిజన్. అడుగున 19.1. పర్మిట్ ఇవ్వడానికి 19.5 ఉండాలి. ప్రొడక్షన్ వాళ్లు ఫ్యాన్ పెట్టి దిగిపోదామన్నారు, తేడా పాయింట్ నాలుగే కదా అని. ఆయన మ్యాన్‌హోల్ మీద ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన కూర్చున్నాడు. "ఎంత తగ్గిందన్నది కాదు సార్, పొద్దున ఉన్నది ఇప్పుడెందుకు తగ్గిందో చెప్పండి, దిగుతాం."

ప్రొడక్షన్ హెడ్ నాకు ఫోన్ చేశాడు. షరతు నంబరు చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, 'సరే, వెతకండి' అన్నాడు. వెతికితే అడుగున ఒక నైట్రోజన్ లైన్ దొరికింది. వాల్వ్ మూసే ఉంది, కానీ లోపల నుంచి గ్యాస్ లీకవుతోంది. బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే ఇనుప పలక) వేయాల్సిన జాబితాలో ఆ లైన్ పేరే లేదు. బ్లైండ్ వేసి, గాలి కొట్టి, మళ్లీ టెస్ట్ చేసి దిగేసరికి సాయంత్రమైంది.

బిల్లు వచ్చినప్పుడు అకౌంట్స్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. 'రెస్క్యూ కాల్స్: సున్నా' అని ఉంది, మొత్తం ఎందుకు ఇవ్వాలని. నేను జవాబు రాయకముందే పర్చేజ్ ఆయన ఆ కాలమ్ రీడింగ్ ఉన్న లాగ్‌బుక్ పేజీ జిరాక్స్ జతచేసి పంపేశాడు. వచ్చే ఏడాది అగ్రిమెంట్‌కు మార్పులు ఇప్పుడే అడుగుతున్నారు. బ్లైండ్‌ల జాబితాను టీమ్ లీడర్ కూడా ముందే చూసి సంతకం పెట్టాలన్నది ఒకటి. రాత్రి షిఫ్టుకు అంబులెన్స్ మన గేటు లోపలే ఉండాలన్నది రెండోది. దాని రేటు మీద పర్చేజ్ ఆయనతో ఇంకా తేలలేదు.